ట్రిపుల్‌ఏ సమీక్ష: టర్న్‌కు మూడు యూనిట్లతో ఇండియాను నిలబెట్టే ఆట

కొన్నేళ్లుగా నేను వదలకుండా ఆడుతున్న కంప్యూటర్ గేమ్ ఒకటే, ట్రిపుల్‌ఏ. ఇది పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్. జావాలో రాసిన ప్రోగ్రామ్ కాబట్టి విండోస్, మాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. ఇన్‌స్టాల్ చేశాక కావలసిన మ్యాప్‌లను లోపలి నుంచే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. మ్యాప్‌లు చాలా ఉన్నాయి కానీ నేను ఎక్కువగా ఆడేది రెండో ప్రపంచ యుద్ధపు 1942 మ్యాప్. దీని మూలం ల్యారీ హారిస్ రూపొందించిన యాక్సిస్ అండ్ అలైస్ అనే బోర్డు ఆట. అది 1981లో మొదట వచ్చింది, 1984లో మిల్టన్ బ్రాడ్లీ ముద్రణతో ప్రపంచమంతా తెలిసింది. నేను చెప్పే నిబంధనలు 2012లో వచ్చిన 1942 రెండో ఎడిషన్‌వి.

ఆటలో ఐదు దేశాలు. సోవియట్ రష్యా, జర్మనీ, బ్రిటన్, జపాన్, అమెరికా ఈ వరుసలోనే ఆడాలి. ఎవరి టర్న్‌లో వాళ్లు ముందు కొనుగోలు చేస్తారు, తర్వాత దాడికి కదులుతారు, పాచికలతో యుద్ధం తేల్చుకుంటారు, మిగిలిన సైన్యాన్ని సర్దుకుంటారు, కొన్నవాటిని ఫ్యాక్టరీల దగ్గర దించుతారు, చివరికి ఆదాయం తీసుకుంటారు. ఐదుగురు కూర్చుని ఆడొచ్చు, లేదా ఇద్దరే చెరో పక్షం తీసుకోవచ్చు. మ్యాప్‌లో ముఖ్య నగరాలు 13. అక్షరాజ్యాల చేతిలో మొదట్లోనే ఆరు ఉంటాయి, తొమ్మిది దక్కితే గెలుపు వాళ్లది. మిత్రరాజ్యాలకు పది కావాలి.

ఈ ఆటలో నాకు అన్నిటికంటే నచ్చింది కొనుగోలు. చూడటానికి చిన్న లెక్క. ఇన్‌ఫాంట్రీ ధర 3, ఆర్టిలరీ 4, ట్యాంకు 6, ఫైటర్ 10, బాంబర్ 12, యుద్ధనౌక 20. ఇన్‌ఫాంట్రీ దాడి చేస్తే ఆరు ముఖాల పాచికలో 1 పడితేనే దెబ్బ తగులుతుంది, కాపలా కాస్తే 1 గానీ 2 గానీ పడితే చాలు. ట్యాంకుకు రెండు వైపులా 3. ఈ అంకెనే బలం అంటాం. అంటే 30 పెట్టి పది ఇన్‌ఫాంట్రీ కొంటే పది ప్రాణాలు, కాపలాకు మొత్తం 20 బలం. అదే డబ్బుతో ఐదు ట్యాంకులు కొంటే ఐదే ప్రాణాలు, బలం 15. కొత్తవాళ్లు ట్యాంకుల వెంట పడతారు. కాస్త ఆడిన తర్వాత అందరూ ఇన్‌ఫాంట్రీ దగ్గరికే వస్తారు.

కానీ ధర ఒక్కటే లెక్క కాదు, దూరం కూడా ఉంది. ఇన్‌ఫాంట్రీ టర్న్‌కు ఒక్క గడి నడుస్తుంది. బెర్లిన్‌లో ఇవాళ దించిన ఇన్‌ఫాంట్రీ మాస్కో గుమ్మం దగ్గరికి చేరడానికి మూడు నాలుగు టర్న్‌లు పడుతుంది. కాబట్టి జర్మనీ మొదటి టర్న్‌లో ఏం కొన్నదో ఐదో టర్న్‌లో తెలుస్తుంది. ఆ రోజుకి నాకు ఏం కావాలి, అప్పటికి అవతలివాడు ఎక్కడ ఉంటాడు అని ముందే ఊహించి డబ్బు పెట్టాలి. అమెరికా ఆదాయం అందరికంటే ఎక్కువ, మొదట్లోనే 42. అయినా రెండు సముద్రాల అవతల ఉన్న ఆ డబ్బుకి ట్రాన్స్‌పోర్ట్ ఓడలు లేకపోతే విలువ లేదు. ఒక్కో ట్రాన్స్‌పోర్ట్ 7, దాన్ని కాపాడటానికి డిస్ట్రాయర్ 8. అసలు సైన్యం మీద పెట్టాల్సిన సొమ్ములో ఎంత భాగం దాన్ని మోసుకెళ్లడానికే పోతుందో అమెరికా ఆడితే అర్థమవుతుంది. యుద్ధం అంటే సరఫరా అని పుస్తకాల్లో చదివాం గానీ, ఓడ లేక ఎనిమిది ఇన్‌ఫాంట్రీ న్యూయార్క్ తీరంలో ఊరికే నిలబడి ఉంటే వచ్చే అసహనం వేరే.

ఇక ఇండియా. తెలుగువాళ్లకి ఈ మ్యాప్‌ను నేను గట్టిగా సిఫారసు చేయడానికి కారణం ఇదే. మన దేశం మొత్తం ఒక్కటే గడి, దాని మీద కలకత్తా అని నగరం గుర్తు, బ్రిటన్ చేతిలో ఒక ఫ్యాక్టరీ. గడి విలువ 3, అంటే పట్టుకున్నవాడికి టర్న్‌కు 3 ఆదాయం. ఫ్యాక్టరీలో టర్న్‌కు గడి విలువ ఎంతో అన్ని యూనిట్లే దించగలం, అంటే మూడే. లండన్‌లో ఎంత డబ్బు మూలుగుతున్నా నాలుగోది రాదు. అటు జపాన్ మొదటి టర్న్ నుంచే ఇండోచైనా వైపు సైన్యం పోగేస్తుంది, బంగాళాఖాతంలోకి విమాన వాహక నౌకలు తెస్తుంది.

ఇక్కడ టర్న్‌ల వరుస చాలా ముఖ్యం. బ్రిటన్ ఆడిన వెంటనే జపాన్ ఆడుతుంది. కాబట్టి ఇండియాలో మనం ఏం దించామో, ఏ ఫైటర్ ఎక్కడ దిగిందో జపాన్‌కి పూర్తిగా కనిపిస్తుంది. దాచడానికి ఏమీ లేదు. రెండు వైపులా లెక్క వేసుకుంటాం, ఆ లెక్క అంచు మీద ఉన్నప్పుడు వచ్చే టెన్షన్ నాకు ఇంకే ఆటలోనూ దొరకలేదు.

ఒక ఉదాహరణ. ఇండియాలో తొమ్మిది ఇన్‌ఫాంట్రీ, రెండు ఫైటర్లు, ఒక విమాన విధ్వంసక తుపాకి ఉన్నాయనుకోండి. ఇన్‌ఫాంట్రీ కాపలా బలం 18, ఫైటర్లు ఒక్కోటి 4 చొప్పున 8, మొత్తం 26. జపాన్ ఆరు ఇన్‌ఫాంట్రీ, రెండు ఆర్టిలరీ, నాలుగు ఫైటర్లు, ఒక బాంబర్‌తో వస్తే, ఆర్టిలరీ పక్కన ఉన్న రెండు ఇన్‌ఫాంట్రీకి బలం రెట్టింపవుతుంది కాబట్టి దాడి బలం 28. కాగితం మీద ఇంచుమించు సమానం. కానీ జపాన్ ముందు 1 బలం ఉన్న ఇన్‌ఫాంట్రీని పోగొట్టుకుంటుంది, మనం పోగొట్టుకునే ప్రతి ఇన్‌ఫాంట్రీ 2 బలం. రౌండ్లు గడిచేకొద్దీ మొగ్గు వాళ్లవైపు పోతుంది. అయితే ఆ తర్వాత పోయేవి వాళ్ల ఖరీదైన విమానాలు. పైగా మన తుపాకి యుద్ధం మొదలవకముందే మూడు విమానాల మీద కాలుస్తుంది. మూడు విలువ గల గడి కోసం ముప్పై, నలభై ఖరీదు చేసే విమానాలు పణం పెట్టాలా వద్దా అని జపాన్ ఆడేవాడు తల పట్టుకుంటాడు. ఆ సందేహమే ఇండియాకి అసలైన రక్షణ.

దాన్ని ఇంకా పెంచే ఉపాయం రష్యా చేతిలో ఉంది. కాకసస్ నుంచి ఇండియాకి మధ్యలో పర్షియా ఒక్క గడే. రష్యా ఫైటర్ ఒకటి ఎగిరొచ్చి కలకత్తాలో దిగితే కాపలా బలం 30 అవుతుంది. కానీ ఆ టర్న్‌కి మాస్కో ముంగిట జర్మన్ల మీదకి వెళ్లాల్సిన ఫైటర్ అది. ఇక్కడ ఇద్దరు మనుషులు మిత్రరాజ్యాలు ఆడుతుంటే మాటలు పెరుగుతాయి. నేను బ్రిటన్, నా కాలేజీ స్నేహితుడు రష్యా ఆడినప్పుడు "ఒరేయ్, ఈ ఒక్క టర్న్‌కి పంపరా, వచ్చే టర్న్‌లో తీసేసుకో" అని నేను, "మాస్కో పోతే నీ కలకత్తా ఎవడికి రా?" అని వాడు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. కలకత్తా పడితే ఆ ఫ్యాక్టరీ నుంచి జపాన్ టర్న్‌కు మూడు ట్యాంకులు దించి పర్షియా మీదుగా కాకసస్‌కి తోలుతుంది, అప్పుడు రష్యా వెనక నుంచి కూలుతుంది. మాస్కో పడితే రష్యా ఖజానా మొత్తం గెలిచినవాడికి పోతుంది, ఇండియా ఒంటరవుతుంది. ఒకరి కష్టం ఇంకొకరి గుమ్మం దాకా ఎలా వస్తుందో ఈ ఆట చూపించినట్టు నేను ఆడిన ఇంకే గేమూ చూపించలేదు.

జపాన్ దగ్గర ఇంకో దారి కూడా ఉంది, అది చాలామంది మర్చిపోతారు. బాంబర్‌తో ఫ్యాక్టరీ మీద దాడి. పాచికలో ఎంత పడితే అంత నష్టం. ఇండియా ఫ్యాక్టరీకి 3 నష్టం చాలు, ఉత్పత్తి సున్నా. ఒక్కో పాయింట్ బాగుచేయడానికి ఒకటి ఖర్చు. మూడు ఇన్‌ఫాంట్రీకి 9 పెట్టాల్సిన చోట 12, 14 పోతుంది. ఈ దాడిలో మన విమాన విధ్వంసక తుపాకి కాల్చదు, బాంబర్ మీద కాల్చేది ఫ్యాక్టరీయే.

పాచికల గురించి ఫిర్యాదు చేసేవాళ్లు చాలామంది కనిపిస్తారు. గెలిచే అవకాశం లెక్కగట్టే ఆటలోని కాలిక్యులేటర్ తొంభై శాతం అని చూపించిన యుద్ధం ఓడిపోతే ఎవరికైనా కడుపు మండుతుంది. ట్రిపుల్‌ఏలో దీనికి మందు ఉంది, లో లక్ అనే ఆప్షన్. దాడి బలాన్ని ఆరుతో భాగించి అన్ని దెబ్బలు ఖాయంగా ఇస్తారు, మిగిలిన శేషానికి మాత్రం ఒక పాచిక. పై ఉదాహరణలో 28 అంటే నాలుగు దెబ్బలు ఖాయం, పాచికలో 4 గానీ అంతకంటే తక్కువ గానీ పడితే ఐదోది. బాగా ఆడేవాళ్లలో కొందరు ఇదే ఇష్టపడతారు. నా అభిప్రాయం మాత్రం వేరు. లో లక్‌లో చిన్న చిన్న దాడులు మరీ నమ్మకంగా అయిపోతాయి, సరిగ్గా సరిపడా పంపితే పని జరుగుతుంది. మామూలు పాచికలతో ఆడితే కాస్త ఎక్కువ పంపాలి, వెనక్కి తగ్గే దారి ఉంచుకోవాలి, పథకం చెడితే రెండోది సిద్ధంగా ఉండాలి. 1942 మ్యాప్‌కి ఆ అనిశ్చితే సరైనదని నేను గట్టిగా నమ్ముతాను.

ఆడే పద్ధతి గురించి. ఆటగాళ్లు కలిసే ఆన్‌లైన్ లాబీలోకి వెళ్లి ఎవరితోనైనా లైవ్‌గా ఆడొచ్చు, కానీ ఒక ఆట నాలుగైదు గంటలు సునాయాసంగా తినేస్తుంది. ఉద్యోగం, పిల్లలు ఉన్నవాళ్లకి అది కుదరదు. ఈమెయిల్ పద్ధతి మనకి హాయి. మన టర్న్ అయ్యాక సేవ్ ఫైల్ అవతలివాడికి వెళ్తుంది, పాచికలు బయటి సర్వర్‌లో పడి ఇద్దరికీ మెయిల్ వస్తుంది కాబట్టి మోసానికి తావు లేదు. నా స్నేహితుడు డల్లాస్‌లో ఉంటాడు. వాడు పడుకునే ముందు పంపింది నేను పొద్దున కాఫీతో చూస్తాను, నాది వాడు లేవగానే చూస్తాడు. ఒక్కో ఆట వారాల తరబడి సాగుతుంది. ఫోన్‌లో మాట్లాడుకోవడం తగ్గిపోయిన ఈ వయసులో మా ఇద్దరికీ రోజూ మాట్లాడుకోవడానికి ఒక విషయం ఉందంటే ఈ ఆట చలవే.

లోపాలు చెప్పాలి. తెర చూస్తే ఇరవై ఏళ్ల కిందటి సాఫ్ట్‌వేర్ అనిపిస్తుంది, నేర్పించే పాఠం లాంటిది సరిగా లేదు. అంతా ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. ఫోన్‌లో ఆడలేం, ల్యాప్‌టాప్ కావాల్సిందే. కంప్యూటర్ ప్రత్యర్థి నేల మీద పర్వాలేదు, సముద్రంలో మాత్రం దాని ఆట పేలవం, కాబట్టి మనుషులు లేకుండా దీని రుచి తెలియదు. లైవ్‌గా ఆడేటప్పుడు ఓడిపోతున్నామని తెలియగానే చెప్పకుండా మాయమయ్యేవాళ్లు తగులుతారు. ఓటమి ఒప్పుకుని వెళ్లేవాళ్లని గుర్తుపెట్టుకుని వాళ్లతోనే మళ్లీ ఆడటం మంచిది.

ఇవన్నీ నేను సర్దుకోగలను. ఒక్కటి మాత్రం ప్రతిసారీ ఇబ్బంది పెడుతుంది. ఈ మ్యాప్ మొదలయ్యేది 1942 వసంతంలో. అదే ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. విశాఖ జనం ఊరు ఖాళీ చేసి పల్లెలకి పోయారు. మరుసటి ఏడాది బెంగాల్ కరువులో లక్షలాది మంది ఆకలితో చనిపోయారు. ఇరవై ఐదు లక్షల మంది భారతీయులు ఆ యుద్ధంలో సైన్యంలో పనిచేశారు, 1944లో ఇంఫాల్, కోహిమా దగ్గర జపాన్‌ని ఆపినవాళ్లలో ఎక్కువ మంది వాళ్లే. ఆటలో అదంతా కలిపి 3. కలకత్తాలో నిలబడే ఇన్‌ఫాంట్రీ కూడా బ్రిటన్ రంగులోనే ఉంటుంది. బోర్డు ఆటకి ఇంతకంటే వివరం పట్టదని నాకు తెలుసు. అయినా ఆడేవాళ్లు ఈ సంగతి తెలుసుకుని ఆడాలని కోరుకుంటాను. మా అబ్బాయికి ఆట నేర్పేటప్పుడు ముందు విశాఖ మీద పడిన బాంబుల గురించి చెప్పాను, తర్వాతే పాచికలు. బంగాళాఖాతంలో జపాన్ నౌకలు చూసి వాడు అడిగే ప్రశ్నలు అప్పటినుంచి మారాయి.

ఎవరికి నచ్చుతుంది? చదరంగం ఇష్టపడేవాళ్లకి, చరిత్ర చదివేవాళ్లకి, దూరంగా ఉన్న స్నేహితులతో నెమ్మదిగా ఏదైనా సాగించాలనుకునేవాళ్లకి. వెంటవెంటనే పేలుళ్లు, మెరుపులు కావాలనుకునేవాళ్లు దీని జోలికి రావద్దు, పది నిమిషాల్లో విసుగొస్తుంది.

మొదలుపెట్టేవాళ్లు మొదట కంప్యూటర్‌కి జర్మనీ, జపాన్ ఇచ్చి మూడు మిత్రరాజ్యాలు మీరే ఆడండి. రష్యా మొదటి టర్న్‌లో, జర్మనీ చేతిలో ఉన్న వెస్ట్ రష్యా అనే గడి మీద గట్టి దాడి చేయండి, అది దాదాపు అందరూ ఆడే ఎత్తు, ఎందుకు ఆడతారో రెండు మూడు టర్న్‌లలో మీకే అర్థమవుతుంది. పాచికలు వేసే ముందు ప్రతిసారీ బ్యాటిల్ కాలిక్యులేటర్ చూడటం అలవాటు చేసుకోండి. మనిషితో ఆడేటప్పుడు ఒక మాట ముందే మాట్లాడుకోండి. ఈ మ్యాప్‌లో మొగ్గు అక్షరాజ్యాలవైపు ఉందని అనుభవం ఉన్నవాళ్లు ఒప్పుకుంటారు, అందుకే మిత్రరాజ్యాలకి ఆట మొదట్లో బిడ్ పేరుతో కొంత అదనపు డబ్బు ఇస్తారు. మీరు కొత్తయితే మిత్రరాజ్యాలు తీసుకుని బిడ్ మొహమాటపడకుండా అడగండి, దానితో కొనే మొదటి యూనిట్ ఇండియాలో పెట్టండి.