ఆర్‌డి–డబ్ల్యుఆర్ బస్సా, ఎనేబుల్ బస్సా: బోర్డు మీద ఏది మేలు?

ప్రాసెసర్ చదువుతోందో రాస్తోందో బయటి చిప్‌లకు చెప్పడానికి బస్‌లో, అంటే చిప్‌లను కలిపే తీగల గుంపులో, రెండు తీగలు చాలు. వాటిని వాడే తీరు మాత్రం రెండు రకాలు. 8085, జెడ్80, 8051లది ఇంటెల్ పద్ధతి: చదివేటప్పుడు ఆర్‌డి (రీడ్) తీగ ‘లో’ (తక్కువ వోల్టేజీ) అవుతుంది, రాసేటప్పుడు డబ్ల్యుఆర్ (రైట్) తీగ ‘లో’ అవుతుంది. 6800, 6809లది మోటరోలా పద్ధతి: ఆర్/డబ్ల్యు తీగ ముందుగా దిశ చెబుతుంది (హై, అంటే ఎక్కువ వోల్టేజీ, అయితే చదవడం), ఆ తర్వాత ఎనేబుల్ హై అయినప్పుడు పని జరుగుతుంది. 6502లో ఎనేబుల్ స్థానంలో ఫై2 క్లాక్ ఉంటుంది. పిన్నుల లెక్కలో ఎవరికీ లాభం లేదు. తేడా అంతా సమయంలోనే.

మెమరీ పెట్టాలంటే ఇంటెల్ పద్ధతే సుఖం. 6264 ర్యామ్‌లో ఓఈ (అవుట్‌పుట్ ఎనేబుల్, చదవడానికి) 22వ పిన్, డబ్ల్యుఈ (రైట్ ఎనేబుల్, రాయడానికి) 27వ పిన్. 8085 ఆర్‌డి, డబ్ల్యుఆర్‌లను నేరుగా వాటికి కలిపి, చిప్ సెలెక్ట్‌లో ఐఓ/ఎం (పోర్టా, మెమరీయా అని చెప్పే తీగ) ‘లో’ అన్న షరతు చేరిస్తే సరిపోతుంది. 6502తో అలా కుదరదు. ఆర్/డబ్ల్యును ఫై2తో కలపకుండా డబ్ల్యుఈకి ఇస్తే, అడ్రస్ ఇంకా మారుతుండగానే రైట్ మొదలై, పక్క బైట్ పాడవుతుంది. చదవడం మాత్రం చక్కగా సాగుతుంది కనుక తప్పు ర్యామ్ చిప్ మీదికి పోతుంది. మందు నాలుగు న్యాండ్ గేట్లున్న ఒక్క 74ఎల్ఎస్00 చిప్: ఒక గేటుతో ఆర్/డబ్ల్యును తిరగేసి, మిగతా వాటిలో రెండింటితో ఫై2ను కలిపితే రీడ్, రైట్ విడిగా వస్తాయి. నాలుగో గేటు మిగిలిపోతుంది కూడా.

మోటరోలా నుంచి ఇంటెల్ పద్ధతికి మూడు గేట్లతో రావచ్చు. ఇంటెల్ నుంచి మోటరోలాకు వెళ్లడమే కష్టం. ఇంటెల్ బస్ మీద దిశ, సమయం ఒకే అంచులో వస్తాయి; మోటరోలా రకం చిప్‌కు దిశ ముందే కావాలి. అందరూ వాడే 16×2 ఎల్‌సీడీలోని హెచ్‌డి44780 కంట్రోలర్ చిప్ ఈ రకమే. హెచ్‌డి44780యు 5 వోల్టుల దగ్గర, ఎనేబుల్ లేవడానికి 40 నానోసెకన్ల ముందే ఆర్‌ఎస్ (కమాండా, డేటానా అని చెప్పే పిన్), ఆర్/డబ్ల్యు స్థిరపడాలని, ఎనేబుల్ కనీసం 230 నానోసెకన్లు హైలో ఉండాలని అడుగుతుంది. డబ్ల్యుఆర్‌ను నేరుగా ఆర్/డబ్ల్యుకు కలిపితే దిశా ఎనేబులూ ఒకేసారి కదులుతాయి. ఆ 40 నానోసెకన్లు దొరకవు.

దారి: దిశను అడ్రస్ లైన్ నుంచి తీసుకోవాలి. 8085లో ఐఎన్, అవుట్ (పోర్ట్ నుంచి చదివే, పోర్ట్‌కు రాసే ఆదేశాలు) సమయంలో పోర్ట్ నంబరు అడ్రస్ పై సగంలో కూడా వస్తుంది, కనుక లాచ్ (అడ్రస్‌ను పట్టి ఉంచే చిప్) అవుట్‌పుట్ అక్కర్లేదు. ఏ8ను ఆర్‌ఎస్‌కు, ఏ9ను ఆర్/డబ్ల్యుకు ఇవ్వండి. 74ఎల్ఎస్138 డీకోడర్ (అడ్రస్‌ను బట్టి ఒక అవుట్‌పుట్‌ను ఎంచే చిప్) సెలెక్ట్ పిన్నులకు ఏ13, ఏ14, ఏ15, జీ1కు ఐఓ/ఎం, జీ2ఏ, జీ2బీ గ్రౌండ్‌కు. దాని వై2 అవుట్‌పుట్ తీసుకుంటే 40 హెక్స్ మొదలు పోర్టులు వస్తాయి. ఆర్‌డి, డబ్ల్యుఆర్‌లను ఒక యాండ్ గేటులో కలిపి, దాన్నీ వై2నూ నార్ గేటుకు ఇస్తే ఎనేబుల్ సిద్ధం. 40 కమాండ్, 41 డేటా, 42 స్టేటస్ చదవడం, 43 డేటా చదవడం.

దీనిలో ఒక ఉచ్చు ఉంది. 42కు అవుట్ చేస్తే ఎల్‌సీడీ, ప్రాసెసర్ రెండూ ఒకేసారి బస్‌ను నడుపుతాయి. 40 నుంచి ఐఎన్ చేస్తే బస్‌ను ఎవరూ నడపరు. అప్పుడున్న చెత్తనే ఎల్‌సీడీ కమాండ్‌గా తీసుకుంటుంది. వేగం సంగతీ చూడాలి: 3 మెగాహెర్ట్జ్ 8085 స్ట్రోబ్ (ఆర్‌డి లేదా డబ్ల్యుఆర్ ‘లో’గా ఉండే కాలం) దాదాపు 400 నానోసెకన్లు, ఇబ్బంది లేదు. 5 మెగాహెర్ట్జ్ రకంలో కనీసం 230 నానోసెకన్లే, అంటే మిగులు సున్నా. అక్కడ రెడీ పిన్‌ను ‘లో’ చేసి ఒక వెయిట్ స్టేట్ (ప్రాసెసర్ ఆగే ఒక క్లాక్ కాలం) చేర్చాల్సిందే.

8085లో కింది అడ్రస్, డేటా ఒకే పిన్నుల మీద వస్తాయి కాబట్టి మెమరీకి 74ఎల్ఎస్373 లాచ్ తప్పనిసరి. షాపులో అది లేదని 374 తెచ్చుకోకండి: 374 ఏఎల్ఈ (అడ్రస్‌ను పట్టుకోమని చెప్పే సిగ్నల్) లేచే అంచులోనే పట్టేస్తుంది, అప్పటికి అడ్రస్ ఇంకా స్థిరపడదు.

కొన్ని చిప్‌లు రెండు రకాలూ ఒప్పుకుంటాయి. ఎస్‌ఎస్‌డి1306 ఓఎల్‌ఈడీలో బీఎస్2 హై, బీఎస్0 ‘లో’ ఉంచి, బీఎస్1 హై చేస్తే 8080 (ఇంటెల్) రకం, ‘లో’ చేస్తే 6800 (మోటరోలా) రకం. ఎస్‌టీఎం32ఎఫ్103 మైక్రోకంట్రోలర్‌లోని ఎఫ్‌ఎస్‌ఎంసీతో (బయటి మెమరీని నడిపే భాగంతో) అయితే మొదటిదే ఎంచుకోండి. దాని ఎన్‌ఓఈ, ఎన్‌డబ్ల్యుఈ అచ్చంగా ఆర్‌డి, డబ్ల్యుఆర్‌లే. అక్కడ 16 బిట్ బస్ ఉన్న డిస్‌ప్లేకు ఏ16ను ఆర్‌ఎస్‌గా వాడితే డేటా అడ్రస్ 60020000 హెక్స్, 60010000 కాదు. 16 బిట్ వెడల్పులో అడ్రస్ ఒక బిట్ కిందికి జరుగుతుంది. ఇది మరిచిపోతే మీరు పంపే పిక్సెల్స్ అన్నీ కమాండ్లుగానే వెళ్తాయి.