తిరుపతిలో పడవ పందేల వాచీ: ఆరేళ్ల వాడకం

తెప్పోత్సవం రోజుల్లో పుష్కరిణిలో తిరిగే తెప్ప తప్ప మా ఊరికి పడవ సంగతి తెలియదు. అలాంటి ఊళ్లో ఉంటూ పడవ పందేల కోసం చేసిన పాత స్విస్ క్రోనోగ్రాఫ్‌ను, అంటే స్టాప్‌వాచ్ కూడా ఉన్న చేతి వాచీని, ఆరేళ్లుగా వాడుతున్నాను. సైజు, పట్టీ, రోజుకు ఎన్ని సెకన్లు తప్పుతుంది లాంటివి ఎక్కడైనా దొరుకుతాయి, వాటి జోలికి పోను. నేను దీన్ని కొన్నదే కుడివైపున్న చిన్న డయల్ కోసం.

మామూలు క్రోనోగ్రాఫ్‌లో ఆ చోట 30 నిమిషాల లెక్క ఉంటుంది. ఇందులో 15 నిమిషాలే. ఐదేసి నిమిషాలకు ఒక రంగు: నీలం, తెలుపు, ఎరుపు. పందెం మొదలయ్యే గీత దగ్గర తెరచాప పడవను కారులా బ్రేకేసి ఆపలేరు కదా. అందుకే పాత పద్ధతిలో 10 నిమిషాల ముందు ఒక గన్, 5 నిమిషాల ముందు ఇంకొకటి పేల్చేవాళ్లు. చివరి గన్‌కు ముందే గీత దాటితే వెనక్కి తిరిగి రావాల్సిందే. ఊగే పడవలో అంకెలు చదివే తీరిక ఎవరికుంటుంది? రంగు కనబడితే చాలు. ఈ రకంలో అందరూ కలలుగనేది హాయర్ అనే స్విస్ కంపెనీ చేసిన స్కిప్పర్ వాచీ. 1967లో అమెరికాస్ కప్ అనే పేరున్న తెరచాప పడవల పోటీ గెలిచిన ఇంట్రెపిడ్ పడవ వాళ్ల దగ్గర హాయర్ టైమర్లు ఉన్నాయి, ఆ ఊపులో 1968లో స్కిప్పర్ తెచ్చారు. దాని ధర ఇప్పుడు మనబోటి వాళ్లకు కాదు. నాది పెద్దగా ఎవరూ వినని పేరున్న వాచీ, లోపల వాల్జూ అనే స్విస్ కంపెనీ చేసిన, కీ ఇచ్చే 7733 రకం మిషన్. ఎంతకు కొన్నానో ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.

పడవ లేదు కాబట్టి ఇడ్లీకి వాడాను. కుక్కర్‌లో ఆవిరి రాగానే పై బటన్ నొక్కడం, ముల్లు ఎరుపులో సగానికి వస్తే దించడం. పన్నెండున్నర నిమిషాలు. మా ఆవిడ కూడా "ఎరుపొచ్చిందా?" అని అడిగే స్థాయికి వచ్చింది. ఆ సంబరంలో దొరికిన వాళ్లందరికీ చెప్పాను, ఇది గట్టి సరుకు, రోజూ పెట్టుకోవచ్చు అని. అలిపిరి మెట్లు కూడా దీంతోనే ఎక్కాను.

నాలుగో ఏడు ఒక ఆదివారం, ముల్లు ఇంకా తెలుపులోనే ఉంది కదా అని తీరిగ్గా పేపరు చదువుతున్నాను. మాడు వాసన వచ్చింది. కుక్కర్ అడుగున నీళ్లు ఇగిరిపోయాయి. సెకండ్ ముల్లు శుభ్రంగా తిరుగుతోంది, నిమిషం ముల్లు మాత్రం రెండు గళ్లు దూకి మళ్లీ వెనక్కి జారుతోంది. ఆ ఇడ్లీల గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది.

ముందు మా ఊళ్లోనే ఒక షాపులో ఇచ్చాను. "పాత వాచీలు ఇంతే సార్" అని, వారం పెట్టుకుని, డయల్ తుడిచి ఇచ్చారు. ఆ తుడవడంలో ఎరుపు మధ్యలో ఆవగింజంత రంగు లేచిపోయింది. దబాయించడానికి రుజువేముంది? నోరు మూసుకుని వచ్చేశాను.

తర్వాత చిత్తూరులో హెచ్ఎంటీ వాచీలు బాగుచేస్తూ ముసలాయన అయిన ఒక పెద్దాయన ఉన్నాడని తెలిసి బస్సెక్కాను. కంటికి ఐగ్లాస్ పెట్టుకుని డయల్ చూడగానే "ఏమి నాయనా, పడవేమన్నా కొన్నావా?" అన్నాడు. వెనక మూత తీసి చాలాసేపు మాట్లాడలేదు. సెకండ్ ముల్లు ఒక చుట్టు తిరిగినప్పుడల్లా చిన్న వేలు లాంటి ముక్క నిమిషం చక్రాన్ని ఒక పన్ను ముందుకు తోస్తుంది. తోసిన చోటే ఆపి పట్టుకోవడానికి వెంట్రుకంత స్ప్రింగ్ ఒకటి ఉంటుంది. అది తుప్పు పట్టి పట్టు వదిలేసింది.

"దీనికి ఆవిరి తగిలించినావా?"

ఇడ్లీ సంగతి చెప్పాను. నవ్వుతాడనుకున్నా, నవ్వలేదు.

స్ప్రింగ్ ఆయన దగ్గర లేదు. తేదీ చూపించే 7734 దీని అన్నదమ్ముడే కాబట్టి, చచ్చిపోయిన మిషన్ ఒకటి బయటి నుంచి తెప్పించాను, మూడు నెలలు పట్టింది. అందులోంచి స్ప్రింగ్ తీసి కొంచెం వంచి బిగించాడు. చక్రం మాత్రం నాదే ఉంచాడు, 30 నిమిషాల చక్రం వేస్తే రంగులన్నీ తప్పుతాయట. తర్వాత ఓ గంటసేపు ఒక్క స్క్రూనే అటూ ఇటూ తిప్పాడు. పళ్లు మరీ లోపలికి పట్టుకుంటే సెకండ్ ముల్లు ఆగిపోతుంది, పైపైన పట్టుకుంటే నిమిషం ముల్లు కదలదు. ప్రతి మార్పుకూ ఒక నిమిషం ఆగి, ముల్లు టక్కున దూకుతుందా లేదా చూడాలి. ఆ గంటలో ఆయన టీ చల్లారిపోయింది.

రెండేళ్లయింది, మళ్లీ తప్పలేదు. "రోజూ పెట్టుకోవచ్చు" అన్న మాట మాత్రం కొంచెం వెనక్కి తీసుకుంటున్నా. మిషన్ గట్టిదే, బటన్ల దగ్గర లోపలి రబ్బరుకు వయసైపోయింది. సముద్రం వాచీ అని పేరే గానీ, వానొస్తే జేబులో వేసుకుంటాను. కొనమంటారా అంటే, నాకు బస్సెక్కితే ఒక పెద్దాయన ఉన్నాడు, స్పేర్ మిషన్ ఒకటి డబ్బాలో ఉంది, ఇంట్లో ధర తెలియదు. ఈ మూడూ లేనివాళ్లకు చెప్పడం కష్టం.

ఇప్పుడు వాచీని వంటింటి గడప ఇవతలే, మేకుకు తగిలిస్తున్నాను. లేచిపోయిన రంగు వేయిస్తానని పెద్దాయన అన్నాడు గానీ వద్దన్నాను. ఇడ్లీ దించాల్సింది సరిగ్గా ఆ చుక్క దగ్గరే.