కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) కోసం చిన్న ఊరు: బ్రాండన్ మేలా, టిమిన్స్ మేలా, థండర్ బే మేలా?

టొరంటో పక్కనున్న బ్రాంప్టన్ బేస్‌మెంట్లలో నలుగురైదుగురు సర్దుకుంటూ, వర్క్ పర్మిట్ ఎప్పుడైపోతుందా అని టెన్షన్ పడే మన పిల్లలు ఇప్పుడు తెగ అడుగుతున్న ప్రశ్న ఇది. 2025 మార్చి 25 నుంచి, పాయింట్ల లెక్కన పీఆర్‌కి పిలిచే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో జాబ్ ఆఫర్ పాయింట్లు ఎత్తేశారు. ఆఫర్‌కి ఇంకా విలువున్న దారుల్లో ఒకటి, చిన్న ఊళ్లలో ఉద్యోగం దొరికినవాళ్లకి పీఆర్ ఇచ్చేందుకు అదే ఏడాది మొదలైన రూరల్ పైలట్. పనికి మనుషులు చాలని 14 ప్రాంతాలు ఇందులో ఉన్నాయి, ఈ మూడూ వాటిలోవే.

నా లెక్క ముందే చెప్పేస్తా. ఒంటరిగా ఉండి ఏ పనికైనా సై అనేవాళ్లకి బ్రాండన్, మొగుడూ పెళ్లాం ఇద్దరూ సంపాదించాలంటే థండర్ బే.

మానిటోబా రాష్ట్రంలోని బ్రాండన్ జనాభా 51 వేలు. పెద్ద ఆధారం, 2025 దాకా మేపుల్ లీఫ్‌దిగా ఉండి ఇప్పుడు కెనడా ప్యాకర్స్ చేతిలో ఉన్న పంది మాంసం ప్లాంటు, 2 వేల మందికి పైగా పనిచేస్తారు. చల్లటి హాల్లో, చేతికి ఇనప జాలీ గ్లవ్ వేసుకుని, కదిలే లైను ముందు నిలబడి షిఫ్టంతా ఒకే కోత కోయాలి, మణికట్టు పట్టేస్తుంది. యూనియన్ ఉంది, పని నిలకడగా ఉంటుంది. అలాంటి పనిలో 6 నెలలు నిలబడితే రాష్ట్రమే పీఆర్‌కి మన పేరు సిఫారసు చేసే మానిటోబా నామినీ దారి కూడా తెరుచుకుంటుంది కాబట్టి పైలట్ ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోనక్కర్లేదు. 2025 అక్టోబరు లెక్కన ఇక్కడ కనీస వేతనం గంటకు 16 డాలర్లు, మిగతా రెండు ఊళ్లున్న ఒంటారియోలో 17.60. కానీ అద్దెలు చూస్తే ఆ తేడా పెద్దగా బాధించదు. చలి సంగతంటారా, మైనస్ 30లో ఇంజిన్‌ని వెచ్చగా ఉంచే హీటర్‌ది, కారు ముందు వేలాడే ప్లగ్గుని రాత్రికి గోడ సాకెట్‌లో పెట్టకపోతే పొద్దున ఇంజిన్ లేవదు.

టిమిన్స్ బంగారు గనుల ఊరు, 41 వేల జనం. జీతాలు బాగుంటాయి, కానీ అవి వెల్డర్లకి, మెకానిక్కులకి, ఎలక్ట్రీషియన్లకి. 1966 నుంచి నడుస్తున్న కిడ్ గనిలో ఖనిజం అడుగంటుతోంది. ఫ్రెంచ్ వాళ్లెక్కువ, కౌంటర్ ఉద్యోగాల్లో ఆ భాష వచ్చినవాళ్లకే ముందు పిలుపు. కంప్యూటర్స్ చదివినవాళ్లు అక్కడికెళ్లి ఏం చేస్తారో నాకైతే అర్థం కాదు.

థండర్ బేలో 1.08 లక్షల మంది. పెద్దాసుపత్రి, లేక్‌హెడ్ యూనివర్సిటీ, రైలు పెట్టెలు తయారుచేసే ఆల్‌స్టమ్ ఫ్యాక్టరీ ఉన్నాయి. అంటే ఒకరు ఫ్యాక్టరీలో ఉంటే ఇంకొకరికి కేర్ హోమ్‌లోనో ఆఫీసులోనో దొరికే వీలుంది. చాలా జంటలు ఈ సంగతి ఆలోచించకుండా వెళ్లి, ఒక్క జీతంతో నెట్టుకొస్తుంటారు. దూరమే ఇబ్బంది, టొరంటో నుంచి రోడ్డు మీద దాదాపు 1,400 కిలోమీటర్లు.

ఎక్కడికైనా సరే, మీకు ఆఫరిచ్చిన కంపెనీని ఆ ఊరు గుర్తించిందో లేదో, మీ ఉద్యోగం వాళ్ల లిస్టులో ఉందో లేదో అక్కడి వెబ్‌సైట్‌లోనే చూసుకోండి. ఏజెంటు చెప్పాడు కదా అని ఊరుకోవద్దు. ఆఫర్ లెటర్‌కి డాలర్లు అడిగేవాడు ఎంత మనవాడైనా ఫోన్ పెట్టేయండి.