కృష్ణుడా, మధురవాణా, నాగమ్మా? ఫ్యాన్ ఆర్ట్‌కి ఎవరు మేలు?

టాబ్లెట్‌లో క్యారెక్టర్ డిజైన్లు గీయడం నాకు రెండేళ్లుగా పట్టుకున్న పిచ్చి. గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటికి ఎవరొచ్చినా ముందు బొమ్మలు చూపించి, తర్వాతే కాఫీ ఇస్తాను. ఫ్యాన్ ఆర్ట్, అంటే అందరికీ తెలిసిన పాత్రల్ని మన చేత్తో మళ్లీ గీయడం, పురాణాల్లోంచి చేస్తే మేలా, నాటకాల్లోంచా, మన పల్నాటి కథల్లోంచా అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు.

కృష్ణుడి సంగతి త్వరగా తేల్చేద్దాం. పింఛం, పిల్లనగ్రోవి పెడితే గుర్తుపట్టనివాళ్లుండరు. చిక్కంతా ముఖంతోనే. మనవాళ్ల కళ్లలో కృష్ణుడంటే ఎన్టీఆరే. ముక్కు కాస్త మారిస్తే "ఈయనెవరు?" అంటారు, మార్చకపోతే పాత సినిమా పోస్టర్ దించినట్టుంటుంది. ఒక్క సాయంత్రంలో బొమ్మ అయిపోవాలి, లైకులు పడాలి అనుకుంటే సరే, కానివ్వండి.

కన్యాశుల్కం పాత్రలతో ఒక సుఖం ఉంది. గురజాడ పోయింది 1915లో కాబట్టి కాపీరైట్ టెన్షన్ లేదు, స్టిక్కర్లు వేసి అమ్ముకోవచ్చు. అందరిలాగే నేనూ ముందు గిరీశం మీద పడ్డాను. కోటు తొడిగాను, చేతికి చుట్ట ఇచ్చాను. తీరా చూస్తే ఎవరో ప్లీడరు గుమాస్తాలా తేలాడు. గిరీశం గొప్పంతా నోట్లోనే ఉంది, బొమ్మేమో మాట్లాడదాయె! మధురవాణి చాలా నయం. చివర్లో మగవేషం వేసుకుని సౌజన్యారావు పంతులు దగ్గరికి వెళుతుంది కదా, గేముల్లో అదే పాత్రకి ఇంకో వేషాన్ని రెండో 'స్కిన్' అంటామే, అది గురజాడే ఇచ్చేశారన్నమాట.

నా ఓటు మాత్రం నాయకురాలు నాగమ్మకే. 12వ శతాబ్దపు పల్నాడు, గురజాలలో నలగామరాజుకి మంత్రి. సినిమాలొచ్చినా కృష్ణుడికి అతుక్కున్నంత గట్టిగా ఆమెకి ఎవరి ముఖమూ అతుక్కోలేదు. మొదటిసారి గీసినప్పుడు నగలు అమరావతి శిల్పాల్లోంచి ఎత్తేశాను. చూడ్డానికి బ్రహ్మాండంగా కుదిరాయి. తర్వాత లెక్క వేస్తే ఆ శిల్పాలకీ పల్నాటి యుద్ధానికీ మధ్య తొమ్మిది వందల ఏళ్లకు పైనే తేడా! రెండు రాత్రుల పని, మొత్తం చెరిపేశాను.

బొమ్మ నిలబడుతుందో లేదో తెలియాలంటే లోపలి గీతలేవీ కనబడకుండా బొమ్మంతా నల్లరంగుతో నింపి చూడాలి. ఆ నీడని బట్టే మనిషిని పోల్చుకోగలగాలి. కారెంపూడి వైపు మా పెదనాన్నకి చూపిస్తే కళ్లజోడు సర్దుకుని, "అమ్మాయ్, పుంజేదే? పుంజు లేకుండా నాగమ్మేంటి?" అన్నారు. నిజమే. మాచర్ల వైపు మంత్రి బ్రహ్మనాయుడి పుంజు చిట్టిమల్లుకీ నాగమ్మ పుంజు శివంగిడేగకీ జరిగిన పందెంలోనే కదా మాచర్లవాళ్లు ఓడి ఏడేళ్లు వలసపోయింది! పుంజుని చంకలో పెట్టగానే నీడకి ప్రాణం వచ్చింది. రంగుల గొడవా తీరిపోయింది. మన వైపు డేగ అంటే ఎర్ర ఈకల పుంజు. ఆ ఎరుపే చీర అంచుకీ దించాను.

తేలనిది బొట్టు ఒక్కటే. చిన్నతనంలోనే భర్త పోయాడని కథల్లో చెబుతారు. బొట్టు తీసేస్తే పెదనాన్న ఒప్పుకుంటారు, మా అమ్మ ఒప్పుకోదు. "మంత్రిగిరీ చేసిందానికి బొట్టెందుకు ఉండకూడదు?" అంటుంది. ప్రస్తుతానికి బొట్టుని విడి లేయర్‌లో పెట్టాను. ఎవరు చూడటానికొస్తే వాళ్లని బట్టి ఆన్ చేస్తున్నాను, ఆఫ్ చేస్తున్నాను.