ఒక్క పెద్ద కార్పొరేషనా, ఐదు చిన్నవా?

బెంగళూరులో మహదేవపుర వైపు తెలుగువాళ్లు నలుగురు కలిస్తే ఇదే ప్రశ్న. ఊరంతటికీ ఒక్కటే కార్పొరేషన్‌గా ఉన్న బీబీఎంపీ పోయి 2025 సెప్టెంబరులో ఐదు కార్పొరేషన్లు వచ్చాయి కదా, మనకేమైనా ఒరిగిందా అని.

ఒక్కటిగా ఉంటే ఖజానా ఒక్కటే. 2007లో చుట్టూ ఉన్న మున్సిపాలిటీలను, 110 ఊళ్లను కలిపి బీబీఎంపీ చేశాక, ఐటీ కంపెనీల వైపు వసూలైన పన్నుతో పాతపేటల్లో కాలువ కట్టే వీలుండేది. విడగొడితే ఎవరి సంపాదన వాళ్లదే. ఢిల్లీని 2012లో మూడు ముక్కలు చేశారు. దక్షిణం ఎలాగో నెట్టుకొచ్చింది, ఉత్తరం, తూర్పు జీతాలకే తడుముకున్నాయి. 2022లో మళ్లీ కలిపేశారు.

అయినా నా మొగ్గు ఐదు వైపే. కారణం మా వీధిలో గుంత. పైపు కోసం తవ్వినవాళ్లు పూడ్చలేదు. పూడ్చాల్సిన ఆఫీసుకు ఫోన్ చేస్తే ‘అది మా పని కాదు సార్’ అన్నారు. ఎవరూ పడకూడదని పాలబ్బాయి అందులో ఒక విరిగిన ప్లాస్టిక్ కుర్చీ నిలబెట్టాడు. నాలుగు నెలలయ్యింది. కొరియర్ వాళ్లకు ‘కుర్చీ దాటాక రెండో గేటు’ అని చెప్పడం మాకు అలవాటైపోయింది.

వెళ్లి అడుగుదామంటే కార్పొరేటర్ ఏడీ? 2020 సెప్టెంబరులో పాలకవర్గం గడువు తీరాక, బీబీఎంపీ పోయేదాకా ఎన్నికలే లేవు, అంతా అధికారుల రాజ్యం. అంతకుముందు మేయరున్నా ఏడాదికొకరు మారేవారు. 700 చదరపు కిలోమీటర్ల పైచిలుకు ఊరిని ఏడాదిలో చుట్టి రావడమే కష్టం! చిన్న కార్పొరేషన్‌లో కనీసం ఎవరి గుమ్మం తొక్కాలో తెలుస్తుంది.

కానీ ఆ గుమ్మంలో కూర్చున్నవాళ్ల చేతిలో ఏముంటుందన్నదే అసలు సంగతి. 74వ రాజ్యాంగ సవరణ నగరపాలికలకని 18 పనుల జాబితా రాసింది. నీటి సరఫరా అందులోదే. ఇక్కడ అది జలమండలి దగ్గరుంది. ఐదు కార్పొరేషన్ల నెత్తిన ముఖ్యమంత్రి అధ్యక్షతన మళ్లీ ఒక అథారిటీ. వాటా పంచి తాళంచెవి పెద్దాయన మొలలోనే ఉంచుకున్నట్టుంది. ఆ అథారిటీ లోటున్న కార్పొరేషన్లకు డబ్బు సర్ది, పెద్ద రోడ్లు చూసుకుని ఊరుకుంటే ఢిల్లీ గతి పట్టదు.

బెంగళూరును కేంద్రపాలిత ప్రాంతం చేయాలనేవాళ్లూ ఉన్నారు. అది టీ తాగేటప్పటి మాట, వదిలేద్దాం.

ఈసారి ఓటడగడానికి ఏ పార్టీవాళ్లొచ్చినా ముందు ఆ కుర్చీ దగ్గరికే తీసుకెళ్తాను.