మంట పెడితే చల్లబడే ఫ్రిజ్: ఆర్‌వీలో కొన్నేళ్లు వాడాక

మేం ఉండేది డాలస్ దగ్గర. కొన్నేళ్ల కిందట ఒక పాత ట్రావెల్ ట్రైలర్ కొన్నాం, పికప్ ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కెళ్లే రకం ఆర్‌వీ, అంటే అందులోనే వండుకుని, పడుకునే బండి. దానితో పాటే వచ్చింది ఈ ప్రొపేన్ గ్యాస్ ఫ్రిజ్. రెండు తలుపులు, పైన ఫ్రీజర్, సుమారు 8 క్యూబిక్ అడుగులు. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ రకం ఫ్రిజ్‌లన్నీ ఒకే పద్ధతిలో పనిచేస్తాయి, మొరాయించడం కూడా ఒకే పద్ధతిలో.

చదివే ఓపిక లేనివాళ్ల కోసం తీర్పు ముందే చెప్పేస్తాను. కరెంటు కనెక్షన్ లేని చోట నాలుగైదు రోజులు ఉండే అలవాటుంటే దీన్ని మించింది లేదు. ఎప్పుడూ హుకప్ (బండికి తగిలించుకునే కరెంటు కనెక్షన్) ఉన్న క్యాంప్‌గ్రౌండ్‌లోనే దిగుతామంటే మాత్రం 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ పెట్టించుకోండి, ఈ గొడవేదీ ఉండదు. ఇప్పటికే ఇలాంటిది ఇంట్లో ఉండి, చల్లబడక టెన్షన్ పడుతున్నవాళ్లకు కింద రాసింది పనికొస్తుంది.

దీనికి కంప్రెసర్ లేదు. కదిలే భాగమే లేదు, అందుకే చప్పుడు కూడా లేదు. హోటల్ గదుల్లో ఉండే చిన్న మినీబార్లలో చాలావరకు ఇదే రకం. 1922లో స్టాక్‌హోమ్‌లో చదువుకుంటున్న ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థులు, బాల్ట్‌సార్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ ముంటర్స్, దీన్ని కనిపెట్టారు. 1925లో ఎలక్ట్రోలక్స్ ఆ హక్కులు కొంది. వెనకున్న గొట్టాల్లో అమ్మోనియా, నీళ్లు, హైడ్రోజన్ వాయువు సీలు వేసి ఉంటాయి. అడుగున వేడి పెడితే అమ్మోనియా నీళ్లనుంచి విడిపోయి ఆవిరై పైకి పోతుంది, పైన చల్లబడి ద్రవమవుతుంది, కిందికి జారుతూ ఫ్రీజర్ దగ్గర హైడ్రోజన్‌లో కలిసి మళ్లీ ఆవిరవుతూ లోపలి వేడి లాగేస్తుంది. తర్వాత నీళ్లలో కరిగి మొదటికి వస్తుంది. ఇదంతా ఏ పంపూ లేకుండా, గురుత్వాకర్షణ మీదే నడుస్తుంది.

ఇందులో గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే. ఆ వేడి రెండు దారుల్లో రావచ్చు: గ్యాస్ మంట నుంచి, లేదా 120 వోల్టుల హీటింగ్ ఎలిమెంట్ నుంచి. చల్లబరిచే గొట్టాల వ్యవస్థ, అంటే కూలింగ్ యూనిట్, రెండింటికీ ఒక్కటే.

మాకు మొదట తేడా తెలిసింది దోసెల పిండి వల్ల. గ్యాస్ మీద పెట్టుకుని కరెంటు లేని సైటులో దిగిన మర్నాడు మా ఆవిడ "ఏమండీ, పిండి ఇంకా పొంగుతూనే ఉంది చూడండి" అంది. ఫ్రిజ్‌లో పెట్టిన పిండి పొంగకూడదు కదా. లోపల థర్మామీటర్ పెడితే 50 ఫారెన్‌హీట్ దాటి ఉంది. ఆహారం భద్రంగా ఉండాలంటే 40కి మించకూడదు. పాలు, పెరుగు ఐస్ పెట్టెలోకి మార్చాం. ముందు ప్యానెల్ మీద గ్యాస్ లైట్ మాత్రం నిక్షేపంగా వెలుగుతోంది, లోపముంటే వెలగాల్సిన 'చెక్' లైటు రాలేదు. ఫ్రిజ్ దృష్టిలో అంతా బాగానే ఉంది.

ఇంటికొచ్చాక ఒక సర్వీస్ షాపులో చూపించాం. వెనక మూత తీసి, టార్చి వేసి, "కూలింగ్ యూనిట్ పోయింది, మార్చాలి, లేదంటే కొత్త ఫ్రిజ్ తీసుకోండి" అన్నారు. వాళ్లు చెప్పిన అంకెకు ట్రైలర్ విలువలో మంచి వాటా పోతుంది. ఆలోచించుకుని చెబుతామని వచ్చేశాం. తర్వాతి వారాంతం పక్క సైటులో దిగిన పెద్దాయనతో మాటల్లో ఈ సంగతి వచ్చింది. ఆయన రిటైరై ఏళ్లుగా ఆర్‌వీలోనే ఉంటున్న మనిషి. అంతా విని ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: "కరెంటు మీద చల్లబడుతోందా?"

చల్లబడుతోంది. ఇంటి ముందు ప్లగ్ పెట్టినప్పుడల్లా శుభ్రంగా చల్లబడుతోంది. అంటే కూలింగ్ యూనిట్ బాగున్నట్టే. అది పోయుంటే కరెంటు మీద కూడా చల్లబడదు. లోపం గ్యాస్ వైపు ఉండాలి. షాపువాళ్లు ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆ అంకె వాళ్ల నోట వచ్చేది కాదు.

కాబట్టి ఫ్రిజ్ చల్లబడకపోతే ముందు చేయాల్సిన పని ఈ పోలిక. ఖాళీ ఫ్రిజ్‌లో గ్లాసుడు నీళ్లు పెట్టి అందులో థర్మామీటర్ వేసి, ఒక రోజంతా కరెంటు మీద, మరో రోజంతా గ్యాస్ మీద నడపండి. తొందరపడితే తప్పుడు జవాబొస్తుంది, ఎందుకంటే ఇది ఇంటి ఫ్రిజ్‌లా గంటలో చల్లబడే సరుకు కాదు, రాత్రంతా పడుతుంది. కరెంటు మీద బాగుండి గ్యాస్ మీద లేకపోతే బర్నర్ సంగతి చూడాలి. గ్యాస్ మీద బాగుండి కరెంటు మీద లేకపోతే ఎలిమెంట్, దాని ఫ్యూజ్. ఎలిమెంట్‌ను కరెంటు తీసేసి మల్టీమీటర్‌తో కొలవచ్చు. 325 వాట్లదైతే సుమారు 44 ఓములు చూపించాలి. రెండింటి మీదా సరిగా లేకపోతే ట్రైలర్ వాలు, వెనక గాలి, తలుపు రబ్బరు చూసి, చిట్టచివర కూలింగ్ యూనిట్‌ను అనుమానించాలి.

మా విషయంలో జవాబు బర్నర్ దగ్గర దొరికింది. ట్రైలర్ బయటి గోడమీద ఫ్రిజ్ వెనక ఒక జాలీ మూత ఉంటుంది, అది తీస్తే కింద చిన్న మంట కనిపిస్తుంది. అది నీలంగా, కదలకుండా, సన్నగా బుస్సుమంటూ ఉండాలి. మాది పసుపురంగులో, కొస ఊగుతూ, సోమరిగా వెలుగుతోంది. పైన చిమ్నీ గొట్టంలోంచి తుప్పు పెచ్చులు రాలి బర్నర్ సన్నకన్నాల మీద పడ్డాయి. మంట ఆరిపోలేదు కాబట్టి సర్క్యూట్ బోర్డుకి అనుమానం రాలేదు, వేడి మాత్రం చాలలేదు. తుప్పే కాదు, సాలెగూడు కూడా ఇదే పని చేస్తుంది. చలికాలమంతా ట్రైలర్ కదలకుండా ఉంటే చిన్న సాలెపురుగులు బర్నర్ గొట్టంలో కాపురం పెట్టేస్తాయి.

శుభ్రం చేయడం కష్టం కాదు గానీ జాగ్రత్తలున్నాయి. గ్యాస్ బండ కట్టేసి, ఫ్రిజ్ ఆపి, అంతా చల్లారాక మొదలుపెట్టాలి. కళ్లద్దాలు పెట్టుకోవాలి. చిమ్నీ గొట్టంలో వేడిని ఆపడానికి వేలాడే మెలిక రేకు ఉంటుంది, అది బయటికి తీసి, గొట్టాన్ని పొడవాటి బ్రష్‌తో తోమి, బర్నర్ మీద పడ్డదంతా గాలితో ఊదాలి. రేకును మళ్లీ అదే ఎత్తులో తగిలించాలి. బర్నర్ వెనక జెట్ ఉంటుంది, వెంట్రుకంత కన్నం. దాన్ని పిన్నుతో పొడవకూడదు, కన్నం పెద్దదైతే జెట్ మార్చుకోవాల్సిందే. ఆల్కహాల్‌లో నానబెట్టి ఆరనిస్తే చాలు. గ్యాస్ జాయింటు ఏది విప్పినా, బిగించాక సబ్బునీళ్లు రాసి బుడగలొస్తున్నాయేమో చూడాలి. ఈ జాయింట్లు విప్పడానికి చెయ్యాడకపోతే మొబైల్ టెక్నీషియన్‌ని పిలవండి, ఇంట్లో గ్యాస్ స్టవ్ బర్నర్ కడగడం, ఇదీ ఒకటి కాదు. కాకపోతే ఆయన వచ్చేటప్పటికి కరెంటు మీద, గ్యాస్ మీద థర్మామీటర్ అంకెలు రాసి పెట్టుకోండి. ఆ కాగితం చేతిలో ఉంటే కూలింగ్ యూనిట్ మాట అంత తేలిగ్గా రాదు.

మంట అసలు అంటుకోకపోతే కథ వేరు. టకటకమని ఇగ్నైటర్ కొట్టుకుని, కాసేపటికి 'చెక్' లైటు వెలుగుతుంది. కొత్త బండ తగిలించినప్పుడు ఇలా అయితే కంగారు పడక్కర్లేదు, గొట్టాల్లో గాలి ఉంటుంది. ముందు స్టవ్ వెలిగించి మంట నిలకడగా వచ్చేదాకా ఉంచి, తర్వాత ఫ్రిజ్ ఆపి మళ్లీ వేయండి. బండ నాబ్ ఒక్కసారిగా తిప్పకూడదు, లోపలున్న సేఫ్టీ వాల్వ్ లీకు అనుకుని గ్యాస్‌ను తగ్గించేస్తుంది. మెల్లగా తెరవాలి. ట్రైలర్‌ని వెచ్చబరిచే గ్యాస్ హీటర్ వెలిగినప్పుడు స్టవ్ మంట కుంగిపోతుంటే బండ దగ్గర గ్యాస్ ఒత్తిడిని అదుపుచేసే రెగ్యులేటర్ బలహీనపడిందని అర్థం. లైన్లో ఒత్తిడి 11 అంగుళాల వాటర్ కాలమ్ (గ్యాస్ ఒత్తిడిని కొలిచే లెక్క) ఉండాలి, అది కొలిచే మీటర్ టెక్నీషియన్ దగ్గరే ఉంటుంది.

గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్‌కి బ్యాటరీ ఎందుకని మా మామయ్యగారు అడిగారు, న్యాయమైన ప్రశ్నే. మంట కనిపెట్టే బోర్డూ, గ్యాస్ వాల్వూ 12 వోల్టుల మీద పనిచేస్తాయి. బ్యాటరీ పదిన్నర వోల్టుల దాకా దిగితే ఫ్రిజ్ పిచ్చిపిచ్చిగా ప్రవర్తిస్తుంది, తెల్లవారుజామున ఆగిపోయి పొద్దున సోలార్ ఎక్కగానే మళ్లీ లేస్తుంది. ఆ లక్షణం కనిపిస్తే గ్యాస్ జోలికి పోకుండా బ్యాటరీ చూడండి. ఎర్త్ వైరు తుప్పుపట్టినా ఇదే తంతు.

వాలు గురించి అందరూ చెబుతారు గానీ ఎందుకో తక్కువమంది చెబుతారు. లోపల ద్రవం దానంతట అదే జారాలి. ట్రైలర్ ఒక పక్కకు ఒరిగితే అది మూలల్లో నిలిచిపోతుంది, అడుగున వేడి తగిలే భాగం, అంటే బాయిలర్, ఎండిపోయి అతిగా కాలుతుంది, తుప్పు రాకుండా కలిపిన సోడియం క్రోమేట్ గడ్డకట్టి గొట్టాన్ని మూసేస్తుంది. అది తిరిగి బాగయ్యే జబ్బు కాదు. మాన్యువల్స్‌లో సాధారణంగా పక్కలకు 3 డిగ్రీలు, ముందువెనకలకు 6 డిగ్రీల దాకా ఫర్వాలేదని ఉంటుంది. ఫ్రీజర్ అడుగున చిన్న బబుల్ లెవెల్ పెట్టి చూసుకుంటే సరి. రోడ్డు మీద నడుస్తున్నప్పుడు ఊగుతూనే ఉంటుంది కాబట్టి ద్రవం ఒకచోట నిలవదు, సమస్య లేదు. ఏటవాలుగా నిలిపి, వేసి ఉంచినప్పుడే ప్రమాదం.

ఎత్తైన చోట్ల ఇది అలుగుతుంది. కొలరాడోలో గ్రేట్ శాండ్ డ్యూన్స్ దగ్గర, 8 వేల అడుగులకు పైన, గ్యాస్ మీద రెండుసార్లు ఆరిపోయింది. చాలా మాన్యువల్స్ 5,500 అడుగులు దాటితే గ్యాస్ మంట సరిగా ఉండకపోవచ్చు, వీలుంటే కరెంటు మీద పెట్టమంటాయి. దానికి రిపేరు లేదు, గాలే పలచన. కిందికి దిగాక దానంతటదే సర్దుకుంది.

మా టెక్సస్ ఎండలు ఇంకో పరీక్ష. బయట 100 దాటితే లోపల 40 దగ్గర నిలబెట్టడానికి ఇది ఆపసోపాలు పడుతుంది. వెనక గొట్టాల వేడి పైకప్పు వెంట్ దాకా లేచి పోవాలి. గొట్టాలకీ గోడకీ మధ్య ఖాళీ ఎక్కువుంటే వేడిగాలి అక్కడే తిరుగుతుంది. నేను వెనక పై భాగంలో రెండు చిన్న 12 వోల్టుల ఫ్యాన్లు పెట్టాను, గాలి బర్నర్ మంటకు తగలకుండా పైకి తోసేలా. లోపల బ్యాటరీ ఫ్యాన్ ఒకటి. పెట్టిన ఖర్చుకి ఇంత ఫలితం ఇచ్చిన వస్తువు ట్రైలర్‌లో మరొకటి లేదు. ఫ్రిజ్ ఉన్న గోడ పడమటికి తిరక్కుండా నిలపడం కూడా అలవాటైంది. లోపల చల్లదనమిచ్చే రేకులకి (ఫిన్స్) తగిలించిన సెన్సర్ క్లిప్‌ను పైకి జరిపితే మా దానిలో చల్లదనం పెరుగుతుంది; అతిగా జరిపితే పైఅరలో పెరుగు గడ్డకడుతుంది, గోంగూర పచ్చడికి మాత్రం ఏమీ కాదు. వేడి అన్నం, వేడి పులుసు నేరుగా పెట్టొద్దు. బయల్దేరే ముందు రోజే ఫ్రిజ్ వేసి, ఇంట్లో చల్లబరిచిన సామాను సర్దుకోవాలి.

తలుపు రబ్బరుకి పరీక్ష తేలిక. డాలర్ నోటు మధ్యలో పెట్టి తలుపు మూసి లాగండి. జారి వచ్చేస్తే అక్కడ గాలి పోతున్నట్టే.

నిజంగానే కూలింగ్ యూనిట్ పోతే గుర్తులు దాచినా దాగవు. ఘాటైన అమ్మోనియా వాసన, వెనక గొట్టాల మీద పసుపుపచ్చ మరక లేదా పొడి. ఆ పొడి సోడియం క్రోమేట్, విషం, చేత్తో ముట్టుకోవద్దు. ఫ్రిజ్ ఆపేసి, కిటికీలు తెరిచి, మళ్లీ వేయకండి. కారే యూనిట్ మీద మంట వెలిగించడం అగ్నిప్రమాదానికి దారి. పాత మోడళ్లలో కొన్నింటికి ఇదే కారణంగా రీకాల్స్ (లోపం సరిచేయడానికి కంపెనీ వెనక్కి పిలవడం) వచ్చాయి కాబట్టి, సెకండ్ హ్యాండ్‌ది కొన్నవాళ్లు సీరియల్ నంబరుతో ఒకసారి వెతికి చూసుకోవాలి. గ్యాస్ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం గడువు తేదీలు కూడా. ప్రొపేన్ గాలికన్నా బరువు, అందుకే గ్యాస్ అలారం నేల దగ్గర బిగిస్తారు. దాని ముందు చెప్పుల స్టాండ్ పెట్టకండి.

ప్రయాణంలో గ్యాస్ మీద నడపాలా వద్దా అన్నది ఆర్‌వీ వాళ్లలో తెగని పంచాయితీ. నేను బండ కట్టేసి వెళ్తాను. చల్లగా నిండిన ఫ్రిజ్ తలుపు తీయకపోతే నాలుగైదు గంటలు ఆగుతుంది. గ్యాస్ మీద నడిపేవాళ్లు కనీసం పెట్రోలు బంకుకి వెళ్లే ముందైనా ఆపాలి. బాల్టిమోర్ సొరంగాల్లాంటి చోట్ల 20 పౌండ్ల బండలతో అసలు రానివ్వరు, దారి ముందే చూసుకోవాలి.

ఖర్చు లెక్కకొస్తే దీనికి వంక పెట్టలేను. ఈ సైజు ఫ్రిజ్ గంటకు సుమారు 1,500 బీటీయూలు (వేడిని కొలిచే లెక్క) తాగుతుంది. 20 పౌండ్ల బండలో దాదాపు 4,30,000 బీటీయూలుంటాయి. అంటే ఫ్రిజ్ ఒక్కటే రాత్రింబవళ్లు నడిచినా పన్నెండు రోజుల దాకా వస్తుంది. అదే 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్‌ని అన్ని రోజులు నడపాలంటే సోలార్, లిథియం బ్యాటరీలు పెట్టించుకోవాలి. మాది మళ్లీ పాడై, ఈసారి నిజంగానే కూలింగ్ యూనిట్ పోతే కంప్రెసర్‌కే మారతాం, ఈ రోజుల్లో సోలార్ చవకైంది కాబట్టి. అది పోయేదాకా దీన్ని తీసేసే ఆలోచన లేదు.

పాత ట్రైలర్ కొనబోతున్నవాళ్లు, చూడ్డానికి వెళ్లే ముందు రోజే అమ్మేవాళ్లకి ఫోన్ చేసి ఫ్రిజ్‌ను గ్యాస్ మీద వేసి ఉంచమని అడగండి. కరెంటు మీద వేసి ఉంచి "చూడండి, ఎంత చల్లగా ఉందో" అనే అవకాశం ఉంది కనుక, మీరు వెళ్లగానే ముందు వెనక మూత తీసి మంట చూడండి, తర్వాత థర్మామీటర్.