పర్లాకిమిడి ప్రింటర్ షాపు: ఫార్మాట్ చేయకుండా మా వాచకం బయటికి తీశారు

మా స్కూల్ ఆఫీసులోని పెద్ద ప్రింటర్ టచ్ స్క్రీన్ ఆగస్టు మొదట్లో పోయింది. వెలుగు ఉంది, వేలు పెడితే కదలదు. మామూలుగా అయితే ఓ వారం ఆగేవాళ్లం. కానీ పిల్లల కోసం చేసుకున్న 36 పేజీల తెలుగు వాచకం దాని లోపలే ఉండిపోయింది. వ అంటే వంశధార, మ అంటే మహేంద్రగిరి అని, మన చుట్టూ ఉన్న పేర్లతో అక్షరాలు నేర్పే పుస్తకం. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. ఆగస్టు 29న, ఆయన పుట్టినరోజుకి, అది పిల్లలందరి చేతుల్లో ఉండాలని మా పట్టుదల.

డీటీపీ చేసినాయన కంప్యూటర్ పాడైపోయింది. మా దగ్గరున్న ఫైలు 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలో చేసింది. ఆ ఫాంట్లు లేనిచోట తెరిస్తే అక్షరాలకు బదులు ఏవో గుర్తులు వస్తాయి. కిందటేడు ప్రింట్ ఇచ్చినప్పుడు నాలుగంకెల పిన్ పెట్టి ప్రింటర్లో దాచిందొక్కటే సరైన కాపీ.

ముందు పిలిచిన మెకానిక్ డిస్క్ ఫార్మాట్ చేసేద్దామన్నాడు. లోపలున్నవి పోతాయా అని మేం అడిగితే గానీ చెప్పలేదు. వెంటనే వద్దన్నాం. తర్వాత బజారులో ఉన్న ఈ షాపుకి వెళ్లాను. అక్కడి కుర్రాడు ఒడియా వాడు, తెలుగు చక్కగా మాట్లాడతాడు. "ఉండండి మాస్టారూ, ముందు లోపలేముందో చూద్దాం" అన్నాడు. ఆ మాటతోనే నా టెన్షన్ సగం తగ్గింది.

మా ఆఫీసుకొచ్చి, స్క్రీన్ జోలికే పోలేదు. మా కంప్యూటర్ బ్రౌజర్లో ప్రింటర్ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని నంబరు) కొట్టాడు. అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగింది, ఇచ్చాం. దాచిన వాటి లిస్టులో మా వాచకం పేరు, పక్కనే 36 పేజీలు అని కనిపించింది. పిన్ కొట్టగానే ట్రేలోకి కాగితాలు రావడం మొదలైంది. మొదటి పేజీలో 'క్ష' కింద ఒత్తు కూడా చెదరలేదు. ఎందుకంటే ప్రింటర్‌కి చేరేటప్పటికే ఫాంటు సమాచారం కూడా పేజీతో పాటు వెళ్లిపోతుందట. ఆ కాగితాల్నే షాపులో స్కాన్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాడు.

అతను చెప్పిన సంగతులు మీకూ పనికొస్తాయి. దాచే చోటుని రికో కంపెనీ ప్రింటర్లలో డాక్యుమెంట్ సర్వర్ అంటారు, క్యోసెరాలో డాక్యుమెంట్ బాక్స్, హెచ్‌పీలో జాబ్ స్టోరేజ్. దాచడంలోనూ రకాలున్నాయి. కొన్ని స్విచ్ ఆపితే పోతాయి, కొన్నిటికి ఇన్ని రోజులని గడువుంటుంది. మాది శాశ్వతంగా దాచే రకం కాబట్టి నాలుగుసార్లు ఆపి వేసినా నిలిచింది. డిస్క్ ఊడదీసి కంప్యూటర్‌కి పెడితే చాలనుకోకండి. చాలా యంత్రాల్లో అది ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, ఆ ప్రింటర్ తప్ప ఇంకెవరూ చదవలేరు.

లోపం కూడా చెప్పాలి. కొత్త టచ్ స్క్రీన్ ప్యానెల్ నాలుగు రోజుల్లో వస్తుందన్నారు, పన్నెండు రోజులు పట్టింది. మధ్యలో ఒక్క ఫోనూ చేయలేదు, ప్రతిసారీ నేనే వెళ్లి అడగాల్సి వచ్చింది. వాచకం తీసినందుకు మాత్రం 600 రూపాయలే తీసుకున్నారు, రసీదు ఇచ్చారు. పొద్దున పదింటికి వెళ్తే ఆ కుర్రాడు షాపులోనే ఉంటాడు. ప్రింటర్ ఐపీ అడ్రస్, అడ్మిన్ పాస్‌వర్డ్, పిన్ కాగితం మీద రాసుకుని వెళ్లండి.